నాలుగు వోల్టులు ఎక్కడికి పోయాయి? ఒక ఓవెన్ కేస్ స్టడీ

మోటార్ రివైండింగ్ చేసే ఒక వర్క్‌షాప్ నుంచి పిలుపు వచ్చింది. అక్కడ చుట్టడం పూర్తయిన స్టేటర్లను (మోటార్‌లో తిరగకుండా ఉండే, కాయిల్ చుట్టిన భాగాలను) వార్నిష్‌లో ముంచి, కారిపోనిచ్చి, ఓవెన్‌లో పెట్టి 140 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచుతారు. వార్నిష్ లోపలిదాకా గట్టిపడకపోతే ఎంత బాగా చుట్టిన కాయిల్ అయినా ఎక్కువ కాలం నిలవదు. కాబట్టి ఓవెన్ నెమ్మదించిందంటే షాపు పని మొత్తం నెమ్మదించినట్టే.

ఓవెన్‌లో విశేషమేమీ లేదు. లోపల మూడు ట్యూబ్ హీటర్లు, ఒక్కోటి 1500 వాట్లు, మూడూ ప్యారలల్‌లో. సింగిల్ ఫేజ్, 230 వోల్టులు. బోర్డు 18 మీటర్ల దూరంలో ఉంది, మధ్యలో 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్. థెర్మోస్టాట్ చెప్పినట్టు ఒక కాంటాక్టర్, అంటే కాయిల్ లాగితే పడే పెద్ద స్విచ్, హీటర్లను ఆన్ చేస్తుంది, ఆపుతుంది. గాలి తిప్పే ఫ్యాన్‌కి వేరే లైన్ ఉంది, అది మన లెక్కలోకి రాదు.

చల్లగా ఉన్న ఓవెన్ 140కి చేరడానికి ఇదివరకు 55 నిమిషాలు పట్టేదట. ఇప్పుడు 80 పడుతోంది.

"సార్, థెర్మోస్టాట్ మార్చాం. మూడో హీటర్ కాలిపోతే అదీ కొత్తది వేశాం. మీటర్ పెట్టి చూస్తే మూడు హీటర్లకీ బీప్ వస్తోంది, ఏదీ తెగలేదు. లైన్‌లోనే వోల్టేజ్ తక్కువ ఉన్నట్టుంది, స్టెబిలైజర్ పెట్టమంటున్నారు" అన్నారు యజమాని. దగ్గరికి వెళ్తే ప్యానెల్ నుంచి సన్నగా కాలిన వాసన. అడిగితే "వార్నిష్ వాసన సార్, ఎప్పుడూ ఉండేదే" అన్నారు. ఆ షాపులో రోజంతా ఉండేవాళ్లకి ఆ రెండు వాసనల తేడా తెలియకపోవడంలో వింత లేదు.

మీటర్ తీయకముందు కాగితం తీశాను

ఎక్కడికి వెళ్లినా నాకు ఇదే అలవాటు. మీటర్‌లో అంకె ముందు చూస్తే ఆ అంకే సరైనదేమో అనిపిస్తుంది. అంతా బాగుంటే ఎంత రావాలో ముందే రాసుకుంటే, వచ్చిన అంకెని నిలదీయొచ్చు.

వోల్టేజ్‌ని కరెంట్‌తో గుణిస్తే పవర్. వోల్టేజ్‌ని కరెంట్‌తో భాగిస్తే రెసిస్టెన్స్, అంటే స్కూల్లో నిరోధం అని చదువుకున్నది. ఈ రెండిటితోనే పనంతా నడుస్తుంది. మూడు హీటర్లు కలిపి 4500 వాట్లు. 4500 ÷ 230 అంటే 19.57 ఆంపియర్లు రావాలి. 230 ÷ 19.57 అంటే మూడూ కలిపి 11.75 ఓమ్‌లు ఉండాలి. ఒక్కో హీటర్‌కి చూస్తే 6.52 ఆంపియర్లు, 35.3 ఓమ్‌లు. ఒక హీటర్ పూర్తిగా తెగిపోయి ఉంటే మిగతా రెండూ కలిపి 13.04 ఆంపియర్లు తీసుకోవాలి. ఈ అంకెలన్నీ కాగితం మీద వరుసగా రాసి ఓవెన్ తలుపుకి అంటించాను.

ఓవెన్ ఆన్ చేసి, కాంటాక్టర్ లాగిన తర్వాత క్లాంప్ మీటర్‌ని (వైర్ విప్పకుండానే కరెంట్ కొలిచేది) ఫేజ్ వైర్ చుట్టూ పెట్టాను. ఫేజ్, న్యూట్రల్ రెండిటినీ కలిపి క్లాంప్‌లో పెడితే సున్నా వస్తుంది, ఎందుకంటే ఒకదాంట్లో వెళ్లిన కరెంటే రెండోదాంట్లో తిరిగి వస్తూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. కొత్తగా పని నేర్చుకునేవాళ్లు "కరెంటే రావట్లేదు" అని కంగారు పడేది ఇక్కడే.

రీడింగ్ 14.57 ఆంపియర్లు.

ఈ అంకె చూసి కాసేపు ఆగిపోయాను. మూడూ పనిచేస్తుంటే 19.57 రావాలి. ఒకటి పోతే 13.04 రావాలి. ఇది రెండూ కాదు. రెండు హీటర్లకి ఎక్కువ, మూడిటికి తక్కువ.

వోల్టేజ్ తక్కువ అనే మాటని ఈ ఒక్క అంకెతోనే తేల్చేయొచ్చు. హీటర్లు మూడూ సరిగా ఉండి, తప్పంతా సప్లైదే అనుకుందాం. అప్పుడు 11.75 ఓమ్‌లలో 14.57 ఆంపియర్లు పారాలంటే వోల్టేజ్ 171 ఉండాలి. 171 వోల్టుల దగ్గర 230 వోల్టుల కాంటాక్టర్ కాయిల్ సరిగా లాగదు, గరగరమంటూ కొట్టుకుంటుంది. ఇక్కడ కాంటాక్టర్ గట్టిగా, చప్పుడు లేకుండా పట్టుకుని ఉంది. బోర్డు దగ్గర కొలిస్తే ఓవెన్ ఆఫ్‌లో 231, ఆన్‌లో 228 వోల్టులు. స్టెబిలైజర్ ఆలోచన అక్కడితో ముగిసింది.

ఇక్కడ నేను చేసిన ఒక పొరపాటు కూడా చెప్పాలి. తొందరలో నేమ్‌ప్లేట్ మీది 230ని తీసుకుని, కొలిచిన 14.57తో గుణించి, 3351 వాట్లు అని రాసుకున్నాను. ఇందులో ఒక అంకె కొలిచింది, ఇంకోటి రేకు మీద అచ్చు వేసింది. ఈ రెండిటినీ గుణిస్తే వచ్చేది పవర్ కాదు, అంచనా. వోల్టేజ్, కరెంట్ రెండూ ఒకే చోట, ఒకే సమయంలో, లోడ్ నడుస్తుండగా కొలవాలి. కాగితం మీద ఆ 3351ని కొట్టేశాను. దానికీ అసలు పవర్‌కీ తేడా వంద వాట్ల పైచిలుకే. కానీ ఈ కేసు అంతా దాక్కున్నది ఆ తేడాలోనే.

జార్జ్ ఓమ్‌కి కూడా ఈ చిక్కే ఎదురైంది. 1825లో ఆయన మొదట చేసిన ప్రయోగాల్లో వోల్టా తరహా సెల్‌ని వాడారు. కరెంట్ లాగేకొద్దీ ఆ సెల్ వోల్టేజ్ పడిపోతూ ఉండేది, దాంతో ఆయన కట్టిన సూత్రమే తప్పుగా వచ్చింది. తర్వాతి సంవత్సరం సెల్‌ని పక్కన పెట్టి, బిస్మత్, రాగి కలిపిన థెర్మోకపుల్‌ని తీసుకున్నారు, అంటే రెండు అతుకుల మధ్య వేడి తేడాతో వోల్టేజ్ పుట్టించే లోహాల జత. ఒక అతుకు మంచులో, ఇంకోటి మరిగే నీళ్లలో. అప్పుడు వోల్టేజ్ కదలకుండా నిలబడింది, 1827లో అచ్చయిన నియమం ఆ కొలతల మీదే నిలిచింది. లోడ్ పడినప్పుడు వోల్టేజ్ ఎంత ఉందో తెలియకుండా రెసిస్టెన్స్ చెప్పలేమని ఆ నియమం కనిపెట్టినాయనే కష్టపడి తెలుసుకున్నారు.

మూడో హీటర్

హీటర్లు కలిసే బస్‌బార్ (లోహపు పట్టీ) దగ్గర, ఓవెన్ నడుస్తుండగానే వోల్టేజ్ కొలిచాను. 221.2 వోల్టులు. ఇది లైవ్‌లో చేసే కొలత కాబట్టి ఇన్సులేటెడ్ గ్లవ్స్ వేసుకుని, ప్రోబు కొనలు తప్ప మిగతాదంతా కప్పి ఉన్న లీడ్లతో, ఎర్ర లీడ్ వోల్టేజ్ సాకెట్‌లోనే ఉందని రెండుసార్లు చూసుకుని చేశాను. అది ఆంపియర్ సాకెట్‌లో ఉండిపోయి ఫేజ్, న్యూట్రల్ మధ్య పెడితే మీటరే షార్ట్ అవుతుంది. దానివల్ల చేతులు కాల్చుకున్నవాళ్లని చూశాను.

తర్వాత క్లాంప్‌ని ఒక్కో హీటర్ వైర్ చుట్టూ పెట్టాను. మొదటిది 6.27 ఆంపియర్లు, రెండోది 6.21, మూడోది 2.09.

భాగించి చూద్దాం. 221.2 ÷ 6.27 = 35.3 ఓమ్‌లు. 221.2 ÷ 6.21 = 35.6. ఈ రెండూ కాగితం మీద ముందే రాసుకున్న 35.3కి దగ్గరే. 221.2 ÷ 2.09 = 105.8 ఓమ్‌లు. కొత్తగా వేసిన హీటర్‌ది ఉండాల్సినదానికి మూడింతల రెసిస్టెన్స్. పవర్ చూస్తే 1387, 1374, 462 వాట్లు. మొత్తం 3223. ఉండాల్సిన 4500లో 72 శాతమే.

హీటర్ పాడైతే రెసిస్టెన్స్ ఇలా సరిగ్గా మూడింతలు కావడం అరుదు. సాధారణంగా తెగిపోతుంది, లేదా బాడీకి లీక్ అవుతుంది. మూడింతలు అనేసరికి నాకు వేరే అనుమానం వచ్చింది. మెయిన్ ఆఫ్ చేసి, బోర్డు దగ్గర తాళం వేసి, మూడో హీటర్ వైర్లు విప్పాను. టెర్మినల్ పక్కన లోహపు తొడుగు మీద మసి పట్టి ఉంది. గుడ్డతో గట్టిగా రుద్దితే చెక్కిన అక్షరాలు బయటపడ్డాయి: 1500 వాట్లు, 400 వోల్టులు.

త్రీ ఫేజ్ ఓవెన్లలో రెండు ఫేజుల మధ్య కట్టే హీటర్ అది. 400 వోల్టులిస్తేనే 1500 వాట్లు ఇస్తుంది. దాని రెసిస్టెన్స్ 400 × 400 ÷ 1500, అంటే 106.7 ఓమ్‌లు. దాన్ని 230 మీద పెడితే 230 × 230 ÷ 106.7, అంటే 496 వాట్లే వస్తాయి. షాపులో పాతదాని పొడవు, వాట్లు, బిగించే చోటు చూసి కొన్నారు. పొడవు అదే, వాట్లు అవే. వోల్టులు ఎవరూ చూడలేదు. తప్పు ఇటువైపు జరిగింది కాబట్టి ఓవెన్ నెమ్మదించి ఊరుకుంది. అదే 230 వోల్టుల హీటర్‌ని 400 మీద పెట్టి ఉంటే 1500 వాట్లది 4500 వాట్ల పైన లాగి కొద్దిసేపట్లోనే కాలిపోయేది.

"అన్నా, మూడిటికీ విడివిడిగా బీప్ పెట్టి చూశాను కదా, అన్నీ బాగానే మోగాయి" అన్నాడు హెల్పర్ కుర్రాడు, చాలా బాధగా. అతని తప్పు చిన్నదే. ఒక్కో హీటర్ కొనల మీద ప్రోబులు పెట్టాడు గానీ వైర్లు విప్పలేదు. మూడూ బస్‌బార్ మీద కలిసే ఉన్నాయి కాబట్టి ప్రతిసారీ అతను కొలిచింది మూడిటినీ కలిపి ఉన్న 15 ఓమ్‌లనే. అందుకే మూడుసార్లూ మోగింది. పైగా బీప్ చెప్పేది దారి ఉందా లేదా అన్నంతవరకే, ఆ దారి ఎంత ఇరుకో చెప్పదు. వైర్లు విప్పి ఓమ్‌లలో కొలిచి ఉంటే మూడో హీటర్ అక్కడే దొరికేది. విప్పాక అతని చేతే కొలిపించాను: చల్లగా 103.9 ఓమ్‌లు.

చల్లటి కొలతకీ వేడి కొలతకీ ఇంత తక్కువ తేడా ఉండటం హీటర్లలో ఉండే నైక్రోమ్ తీగ గుణం. వేడెక్కినా దాని రెసిస్టెన్స్ కొద్ది శాతమే పెరుగుతుంది. అన్ని వస్తువులూ ఇలా ఉండవు. పాతకాలపు 100 వాట్ల ఫిలమెంట్ బల్బుని చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే 40 ఓమ్‌ల చుట్టూ వస్తుంది. ఆ అంకెతో 230 వోల్టులకి లెక్క కడితే 1300 వాట్లు అని తేలుతుంది. వెలుగుతున్నప్పుడు దాని అసలు రెసిస్టెన్స్ 529 ఓమ్‌లు. బల్బు ఫిలమెంట్‌లో ఉండే టంగ్‌స్టన్ విషయంలో చల్లటి ఓమ్ మీటర్‌ని నమ్మి పవర్ లెక్క కట్టకూడదు, నడుస్తున్న వోల్టేజ్, కరెంట్‌తోనే కట్టాలి.

లెక్క ఇంకా తేలలేదు

ఓవెన్ ఎందుకు నెమ్మదించిందో తెలిసిపోయింది. యజమాని అప్పటికే ఫోన్ తీసి 230 వోల్టుల హీటర్ కోసం మాట్లాడుతున్నారు. ప్యానెల్ మూసేసి వెళ్లిపోయినా ఎవరూ అడిగేవాళ్లు లేరు. కానీ కాగితం మీద రెండు అంకెలు పక్కపక్కన కనిపిస్తున్నాయి. బోర్డు దగ్గర 228.0, హీటర్ల దగ్గర 221.2. మధ్యలో 6.8 వోల్టులు తగ్గాయి.

కేబుల్‌లో కొంత తగ్గడం సహజం. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కిలోమీటరుకి 4.61 ఓమ్‌లు. పోవడానికి 18, రావడానికి 18, మొత్తం 36 మీటర్లకి 0.166 ఓమ్‌లు. 14.57 ఆంపియర్లతో గుణిస్తే 2.4 వోల్టులు. మరి మిగతా 4.4 వోల్టులు ఎక్కడ? చేతి ఖర్చు లెక్క చూసుకుంటే నాలుగు రూపాయలు తేలకపోయినా సర్దుకుంటాం. ఇక్కడ అలా సర్దుకోవడం కుదరదు. ఎక్కడో వోల్టేజ్ తగ్గిందంటే, అదే చోట నుంచి 14.57 ఆంపియర్లూ పారుతున్నాయంటే, అక్కడ వేడి పుడుతున్నట్టే. 4.4 × 14.57 అంటే 64 వాట్లు. అది ఓవెన్ లోపల కాదు, బయట, ఎక్కడో వైరింగ్‌లో.

ఇంత మాట అనేముందు మీటర్లని అనుమానించడం న్యాయం. 228లోంచి 221ని తీసివేసి 7 అంటున్నాం. ఒక్కో కొలతలో ఒక శాతం తప్పున్నా అది రెండు వోల్టుల పైనే అవుతుంది, తేడా మొత్తాన్ని మింగేయగలదు. బోర్డు దగ్గర కొలిచి, నడుచుకుంటూ వచ్చి ఇక్కడ కొలిచే లోపు సప్లై కూడా అటూ ఇటూ కదులుతుంది. అందుకే రెండు మల్టీమీటర్లు తీసుకుని, ముందు రెండిటినీ ఒకే పాయింట్ మీద పెట్టి చూశాను. 0.3 వోల్టుల తేడా ఉంది, దాన్ని గుర్తుపెట్టుకున్నాను. మళ్లీ ఆన్ చేసి (మూడో హీటర్‌ని పాతట్టే కలిపి, కొలతలు పోల్చుకోవడానికి), కుర్రాణ్ని బోర్డు దగ్గర నిలబెట్టి, ఫోన్‌లో "ఇప్పుడు" అనుకుంటూ ఇద్దరం ఒకేసారి చదివాం. తేడా అంతే వచ్చింది. ఓవెన్ ప్యానెల్‌లోకి వచ్చే చోట 225.6. అంటే కేబుల్‌ది 2.4, కచ్చితంగా లెక్క ప్రకారమే. మిగతాది ప్యానెల్ లోపలే పోతోంది.

ఇక తీసివేతలు అక్కర్లేదు. ఒక ప్రోబు ఒక కొనకి, ఇంకోటి రెండో కొనకి పెట్టి, మధ్యలో ఎంత తగ్గుతోందో నేరుగా చూడొచ్చు. కాంటాక్టర్ ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ మధ్య 0.1 వోల్టు. బాగుంది. ఫేజ్ వైపు ఒక్కో స్క్రూ చూస్తూ వచ్చాను, ఎక్కడా ఏమీ లేదు. న్యూట్రల్ టెర్మినల్ దగ్గర, లోపలికి వచ్చే వైర్ రాగి మీద ఒక ప్రోబు, హీటర్ల వైపు పోయే వైర్ రాగి మీద ఇంకోటి. 4.3 వోల్టులు.

న్యూట్రల్‌ని ఎవరూ పట్టించుకోరు. టెస్టర్ పెడితే వెలగదు కాబట్టి అక్కడ ఏమీ లేదనుకుంటారు. ఫేజ్‌లో పోయిన ప్రతి ఆంపియరూ తిరిగి వచ్చేది దాంట్లోంచే.

4.3 ÷ 14.57 = 0.295 ఓమ్‌లు. ఓవెన్ మొత్తం 15 ఓమ్‌లు ఉన్నప్పుడు ఇది ఏపాటిది అనిపిస్తుంది. కానీ 4.3 × 14.57 = 63 వాట్లు. 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌ని బొటనవేలంత టెర్మినల్‌లో దూర్చి, రోజంతా ఆన్‌లో ఉంచినట్టు.

ఆపేసి, చల్లారాక విప్పాం. వైర్ కొనకి బిగించే లోహపు లగ్ లేదు. వైర్ పోగుల్ని మెలితిప్పి స్క్రూ కింద నేరుగా నొక్కేశారు. వేడెక్కినప్పుడల్లా వ్యాకోచించి, చల్లారినప్పుడల్లా సంకోచించి, పోగులు అణిగిపోయి స్క్రూ వదులైంది. రాగి నల్లగా, అక్కడక్కడా ఊదారంగులో ఉంది. నాలుగు వేళ్ల పొడవున ఇన్సులేషన్ గోధుమరంగులోకి మారి, వంచితే పెంకులా విరిగింది. టెర్మినల్ ప్లాస్టిక్ ఒక పక్క బుడగలు కట్టింది. యజమాని వంగి వాసన చూసి ఏమీ మాట్లాడలేదు. ఇన్నాళ్లూ వార్నిష్ అనుకున్నది ఇదే.

ఒకచోట తక్కువ వేడి, ఒకచోట ఎక్కువ వేడి

కుర్రాడు అడిగిన ప్రశ్న చాలామంది అడిగేదే, జవాబు వివరంగా చెప్పదగ్గది. "మూడో హీటర్‌కి రెసిస్టెన్స్ ఎక్కువైతే వేడి తగ్గింది. ఈ జాయింట్‌కి రెసిస్టెన్స్ ఎక్కువైతే వేడి పెరిగింది. రెండూ ఎలా నిజమవుతాయన్నా?"

రెండూ నిజమే. హీటర్‌ని నేరుగా సప్లై మీద పెట్టాం. దాని రెసిస్టెన్స్ ఎంతైనా కావచ్చు, దానికి అందే వోల్టేజ్ దాదాపు మారదు. కాబట్టి వోల్టేజ్ వర్గాన్ని రెసిస్టెన్స్‌తో భాగించి చూడాలి. రెసిస్టెన్స్ కింద ఉంది, అది పెరిగితే పవర్ తగ్గుతుంది. జాయింట్ అలా కాదు, అది హీటర్లతో సిరీస్‌లో ఉంది. దాని గుండా ఎంత కరెంట్ పారాలో నిర్ణయించేది హీటర్లే. జాయింట్‌కి 0.002 ఓమ్‌లున్నా 0.3 ఉన్నా కరెంట్ పెద్దగా మారదు. అక్కడ కరెంట్ వర్గాన్ని రెసిస్టెన్స్‌తో గుణించాలి, రెసిస్టెన్స్ పెరిగితే వేడీ పెరుగుతుంది. కరెంట్ రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుందని జూల్ తన ప్రయోగాలతో 1841లో ప్రకటించింది ఈ లెక్కనే. సూత్రాలు రెండూ ఒకటే, వోల్టేజ్ × కరెంట్ నుంచి పుట్టినవే. ఏది కదలకుండా ఉందో చూసుకుని సూత్రం ఎంచుకోవాలి, అంతే తేడా.

ఈ వర్గం లెక్కే ఆ రోజు నాకు నిజంగా టెన్షన్ పుట్టించింది. మేం జాయింట్ చూడకుండా హీటర్ ఒక్కటే మార్చి ఉంటే ఏమయ్యేది? మూడు హీటర్లూ సరైనవైతే కరెంట్ 14.57 నుంచి దాదాపు 18.5కి చేరుతుంది. 18.5 × 18.5 × 0.295 అంటే 101 వాట్లు. అప్పటికే పెంకులా మారిన ఇన్సులేషన్ దగ్గర వేడి 63 నుంచి 101 వాట్లకి పెరిగేది. వేడికి రాగి మరింత ఆక్సీకరణం చెందుతుంది, రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది, వేడీ ఇంకా పెరుగుతుంది. ఓవెన్ మాత్రం త్వరగా వేడెక్కుతూ, అందరూ సంతోషంగా ఉన్న రోజుల్లో ప్యానెల్ అంటుకునేది. కరెంట్ మితిమీరితే ఆపే ఎం.సి.బి. కాపాడేది కాదు. దానికి కనిపించేది 18.5 ఆంపియర్లు, అది మామూలు లోడే.

ఓమ్ మీటర్‌కి కూడా ఈ జాయింట్ దొరకదు. మామూలు మల్టీమీటర్ ప్రోబులు రెండిటినీ ఒకదానికొకటి ఆనించినా 0.2, 0.3 ఓమ్‌లు చూపిస్తుంది, అది లీడ్లది. జాయింట్‌ది దాంట్లో కలిసిపోతుంది. పైగా ఓమ్ మీటర్ పంపే కరెంట్ మిల్లీ ఆంపియర్లలోనే. లోడ్ నడుస్తుండగా వోల్టేజ్ కొలిస్తే కరెంట్ ఒక దారిలో పోతుంది, కొలత ఇంకో దారిలో జరుగుతుంది. ప్రోబుల్లో కరెంట్ దాదాపు పారదు కాబట్టి వాటి రెసిస్టెన్స్ లెక్కలోకే రాదు. కెల్విన్ పేరుతో పిలిచే నాలుగు తీగల కొలత సారాంశం ఇదే.

ముందు జాయింట్, తర్వాత హీటర్

ఆ వరుసలోనే చేశాం. వైర్‌ని మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోసి, సరైన సైజు లగ్ క్రింప్ చేసి, టెర్మినల్ బ్లాక్‌ని పూర్తిగా మార్చాం. హీటర్లన్నిటినీ 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) బాడీకి లీకేజీ చూశాం, బాగున్నాయి. కొత్త హీటర్ వచ్చాక బిగించేముందు విడిగా కొలిచాం, దాని మీది వోల్టులు కుర్రాడు గట్టిగా చదివాడు.

ఆన్ చేశాక బోర్డు దగ్గర 227.1 వోల్టులు, హీటర్ల దగ్గర 223.8, కరెంట్ 19.0 ఆంపియర్లు. 223.8 ÷ 19.0 = 11.78 ఓమ్‌లు. కాగితం మీద ఉదయం రాసుకున్నది 11.75. పవర్ 223.8 × 19.0, అంటే 4252 వాట్లు. న్యూట్రల్ జాయింట్ మీద 40 మిల్లీవోల్టులు, అంటే 0.002 ఓమ్‌లు, ఒక వాట్ కూడా కాదు.

"4500 రాలేదేంటి సార్?" అని అడిగారు యజమాని. 230 అందితేనే 4500. హీటర్లకి అందుతున్నది 223.8, దాదాపు మూడు శాతం తక్కువ. పవర్ వోల్టేజ్ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఐదు శాతం పైన తగ్గుతుంది. అది 4260 చుట్టూ, మనకి వచ్చింది 4252. అసలు క్లాంప్ మీటర్ రెండు శాతం, మల్టీమీటర్ ఒక శాతం తప్పు చూపించగలవు కాబట్టి పవర్‌లో వంద వాట్లు అటూ ఇటూ ఉన్నా నేను పట్టించుకోను. పై లెక్కల్లో 35.3, 35.6 అని రాశాను గానీ ఆ తేడాకి అర్థం లేదు, రెండూ 35 అనుకుంటే చాలు. 35కీ 106కీ తేడా మాత్రం ఏ మీటర్ తప్పూ కాదు. ఇది రెసిస్టివ్ లోడ్ కాబట్టి వోల్టేజ్‌ని కరెంట్‌తో గుణిస్తే నేరుగా వాట్లు వచ్చాయి. మోటార్ అయితే పవర్ ఫ్యాక్టర్‌తో కూడా గుణించాలి. హీటర్లను కాంటాక్టర్ కాకుండా థైరిస్టర్ (ఎలక్ట్రానిక్ స్విచ్) నడిపిస్తుంటే వేవ్ ముక్కలై వస్తుంది, అక్కడ అలాంటి వేవ్‌ని కూడా సరిగా కొలిచే ట్రూ ఆర్ఎంఎస్ మీటర్ తప్పనిసరి.

ఇంకో సందేహం మిగిలింది. 4252 నుంచి 3223కి, అంటే పవర్ 24 శాతం తగ్గితే సమయం 55 నుంచి 80కి ఎందుకు పెరగాలి? పాత స్థితిలో ఓవెన్ 140 దగ్గర నిలబడ్డాక థెర్మోస్టాట్‌ని వాచీ పెట్టి చూశాను. రెండున్నర నిమిషాలు ఆన్, ఒకటిన్నర ఆఫ్. అంటే 3223 వాట్లలో సుమారు 62 శాతం, 2000 వాట్లు గోడల్లోంచి బయటికే పోతున్నాయి. వేడెక్కేటప్పుడు మొదట్లో ఈ నష్టం దాదాపు సున్నా, చివర్లో 2000, సగటున వెయ్యి అనుకోవచ్చు. లోపలి వస్తువుల్ని వేడి చేయడానికి మిగిలేది 3223లోంచి వెయ్యి పోగా 2223. మంచి స్థితిలో 4252లోంచి వెయ్యి పోగా 3252. ఈ రెండిటి నిష్పత్తి 1.46. 55 నిమిషాలు 80 అయ్యింది అందుకే. మరమ్మతు తర్వాత, మునుపటంత సరుకుతోనే, 140కి చేరడానికి 56 నిమిషాలు పట్టింది.

మొదటిసారి పూర్తిగా వేడెక్కి చల్లారాక, మెయిన్ ఆఫ్‌లో, టెర్మినల్ స్క్రూలన్నీ మరోసారి బిగించాం. నెల తర్వాత వేరే పనిమీద అటు వెళ్తే ఓవెన్ తలుపు మీద నా పాత కాగితం పక్కన ఇంకో కాగితం కనిపించింది. కుర్రాడి చేతిరాత. వారానికో వరుస: బస్‌బార్ వోల్టులు, ఆంపియర్లు, భాగిస్తే వచ్చిన ఓమ్‌లు, న్యూట్రల్ మీద మిల్లీవోల్టులు. చివరి వరుసలో 224.1, 19.0, 11.8, 42.